గంటె పట్టిన చెయ్యి

నేను మెదక్‌లో కంప్యూటర్ సెంటర్ తెరిచిన రోజున నాకు ఇంగ్లిషు అక్షరాలు ఇరవై నాలుగే వచ్చు. మిగతా రెండు కూడా ఉన్నాయని కీబోర్డు కొన్నాక తెలిసింది. ఎనిమిదో తరగతిలో బడి గోడ దూకినవాణ్ణి. దూకి పడ్డది పక్కనున్న జిరాక్సు దుకాణంలో. అక్కడే పెరిగి, అక్కడే ముదిరి, చివరకు అలాంటిదే ఒకటి పెట్టుకుని, డిగ్రీ చదివిన పిల్లలకు దరఖాస్తులు నింపిపెట్టే పెద్దమనిషినయ్యాను. దుకాణం మీద బోర్డు ఘనంగా ఉండేది. దాని మీది ఇంగ్లిషు మాటలు చదవమంటే మాత్రం నాకు అప్పుడే దాహం వేసేది.

ఆ బోర్డు రాసినాయన గురించే ఇది రాస్తున్నాను.

పోయిన నెల ఒకతను వచ్చి ఫోన్ నా ముక్కు దగ్గర పెట్టాడు. వాళ్ల కాలనీలో రాష్ట్ర అవతరణ దినానికి ఫ్లెక్సీ కావాలట.

"అన్నా, గీ బొమ్మ పెద్దగ జేసి నడుమ పెట్టు. ఉద్యమమప్పుడు మన మెదక్ల గీసిందట. గ్రూపులల్ల ఫుల్లు తిరుగుతుంది. అసల్ చరిత్రంటే గిది."

నాలుగు డబ్బాల బొమ్మ. మొదటి డబ్బాలో రోడ్డు మీద పొయ్యిలు. రెండో దానిలో బంతి భోజనం. మూడో దానిలో రాయి పట్టి చెయ్యెత్తిన ఒక మనిషి. నాలుగో దానిలో అద్దం పగిలిన బస్సు. నేను ఆ మూడో డబ్బా చూసి, మిషన్ ఖరాబైందని చెప్పి అతన్ని పంపించేశాను. నా వెనక మిషన్ బరబరా నడుస్తూనే ఉంది. అతను దాన్ని చూశాడు, నన్ను చూశాడు, పిచ్చోడనుకుని పోయాడు.

నా బోర్డు రాసి, ఆ బొమ్మా గీసినాయన చచ్చిపోయి చాలా ఏళ్లయింది. రాష్ట్రం రావడానికి రెండు నెలల ముందు పోయాడు. ఊరంతా ఆయన్ని పెయింటరన్న అనేది. నేను అన్నా అనేవాణ్ణి. ఆయన నన్ను "ఏం హెడ్మాష్టరూ" అని పిలిచేవాడు. నా చదువు సంగతి తెలిసిన తర్వాతే ఆ పేరు పెట్టాడు.

విదేశీ సరుకుకు దేశం తలుపులు తెరిచిందని పేపర్లు రాసిన రోజుల్లో, ఆ తలుపులకు రంగులేసింది ఈయనే. అల్లాదుర్గ్ నుంచి టేక్మాల్ దాకా రోడ్డు పక్కన సున్నం వేసిన గోడ కనిపిస్తే చాలు, ఒక ఏడు సబ్బు, మరుసటేడు కూల్‌డ్రింకు, ఆ తర్వాత సెల్‌ఫోను. "ఒక్క గోడకు మూడంగీలు తొడిగిన హెడ్మాష్టరూ, లోపల పెయ్యి మాత్రం గదే మన్ను" అని నవ్వేవాడు. తర్వాత ఫ్లెక్సీ వచ్చింది. మెదక్‌కు దాన్ని తెచ్చినవాళ్లలో నేనొకణ్ణి. రెండు రోజులు కూర్చుని రాసే బోర్డు అరగంటలో చుట్ట చుట్టుకుని బయటికొస్తుంటే, ఆయన నా దుకాణం గడప మీద నిలబడి చూశాడు.

"మంచిగున్నది. నా పొట్ట మీద గొట్టినవ్. జర చాయన్న తాగియ్."

ఆ రోజు మొదలు రోజూ సాయంత్రం నా దుకాణంలోనే చాయ్. సాసర్లో పోసుకుని, ఊదకుండా, అది చల్లారేదాకా దానివైపే చూస్తూ కూర్చునేవాడు. "తాగరాదే" అంటే "ఆగు, ఆవిరి పోతుంది, చూస్తున్న" అనేవాడు. ఆవిరిలో చూడ్డానికేముందో నాకు ఇప్పటికీ తెలియదు.

చేతిలో పని పోయాక ఆయన బొమ్మల వార్తలు మొదలుపెట్టాడు. పెద్ద డ్రాయింగు షీటు, నాలుగో ఆరో డబ్బాలు. చిన్నపిల్లల పుస్తకాల్లో ఉన్నట్టే మాటలకు మబ్బుల్లాంటి గీతలు. అయితే అందులో మాట్లాడేది పులులూ నక్కలూ కాదు. సంతకం కోసం పొద్దున్నించి కూర్చున్న రైతు, అతని ముందు నుంచి మూడుసార్లు టిఫిన్ డబ్బాతో నడిచివెళ్లే గుమాస్తా. వారానికోసారి అంగడి రోజున ఆ షీటును గ్రంథాలయం ముందున్న బోర్డుకు నాలుగు పిన్నులతో గుచ్చేవాడు. అంగడికొచ్చిన జనం కూరగాయల సంచులు కింద పెట్టి చూసేవాళ్లు. చదువు రానివాళ్లే ఎక్కువసేపు నిలబడేవాళ్లు.

మనుషుల్ని ఎప్పుడూ పాదాల నుంచి మొదలుపెట్టి గీసేవాడు. ముందు చెప్పులు, తర్వాత ధోతీ అంచు, మోకాళ్లు, చేతులు. ఎందుకన్నా అంటే, "ముందుగాల మొఖం మొదలువెడ్తే మనిషి బిగుసుకపోతడు. కాళ్లు గీస్తుంటే నన్ను మరిచిపోతడు. నేను మొఖం కాడికొచ్చేసరికి ఆనిది ఆనికి ఒచ్చేస్తది" అనేవాడు. అందుకేనేమో ఆయన గీసిన మొఖాలు ఫొటోల కంటే బాగా పోల్చుకునేలా ఉండేవి. నన్ను ఒకసారి గీశాడు. నేను నవ్వుతున్నాననుకున్నాను. బొమ్మలో ఎవరైనా నవ్వుతారేమోనని చుట్టూ చూస్తున్నాను.

ఇక ఆయన అడిగే ప్రశ్నలు పోలీసులు కూడా అడగరు. ఎవరైనా వచ్చి "అన్నా, ఆఫీసుల మావోణ్ణి నూకేసిన్రు" అంటే, పాపం అనడు, అయ్యో అనడు. "చెప్పు తెగిందా, ఊడిందా? ఏ కాలిది?" అంటాడు. వచ్చినవాడికి కోపం వస్తుంది. తర్వాత ఆలోచించి, "ఊడింది. కుడి కాలిది" అంటాడు. అప్పుడు ఈయన పెన్సిల్ తీస్తాడు.

ఒక అంగడి రోజున టేక్మాల్ దిక్కు నుంచి వచ్చిన ఒక ముసలామె బోర్డు ముందు నిలబడి కదల్లేదు. ఆ వారం బొమ్మ వాళ్ల ఊరిదే. చేతిపంపు చెడి ఎండాకాలమంతా ఆడవాళ్లు వాగు దాకా నడుస్తున్నారు. ఈయన పోయి, వాళ్ల వెనకాల నడిచి, గీసుకొచ్చాడు.

"గీ బొమ్మ గీసింది నువ్వేనా కొడుకా?"

"నేనే పెద్దవ్వా."

"గీమె నేనే గదా. బిందె కుడి నడుం మీద వెట్టినవేంది? నాకు కుడి దిక్కు నొప్పి. జన్మల ఆ దిక్కు ఎత్తలే. ఎడమ దిక్కు."

నేను పక్కనే ఉన్నాను. "ఏ నడుమైతే ఏమవ్వా, నీళ్లు నీళ్లే గదా" అన్నాను.

ఆమె నావైపు తిరిగి, "నీ నడుమైతే తెలుస్తుండె" అంది.

ఈయన నవ్వలేదు. పిన్నులు తీసి, షీటు చుట్టి, ఇంటికి పోయి మొత్తం మళ్లీ గీశాడు. చీకటి పడేలోపు ఎడమ నడుం మీద బిందెతో బోర్డుకు ఇంకో షీటు గుచ్చాడు. అప్పటికి అంగడి ఖాళీ. చూడ్డానికి రెండు మేకలూ నేనూ మిగిలాం. తర్వాత ఎవరో ఆ బొమ్మను పైఅధికారికి చూపించారు. ఆ అధికారి గుమాస్తాను పిలిచి, "గా పెయింటర్ గీసిండంటే చూసే గీసుంటడు" అన్నాడట. వారంలో పంపు బాగైంది. మెదక్‌లో ఆ మాట ఒక వాడుకైపోయింది. ఎక్కడ ఏ పంచాయితీ వచ్చినా "పెయింటర్ చూసిండా?" అనేవాళ్లు. చూశాడంటే అక్కడితో సరి.

ఆ పరువును ఆయన ఊరికే సంపాదించలేదు. ఒక పద్ధతి పెట్టుకున్నాడు. కథ మధ్యలో తను లేని ఘట్టం వస్తే ఆ డబ్బాను ఖాళీగా వదిలేసేవాడు. గీతలు నాలుగు వైపులా శుభ్రంగా కొట్టి, లోపల తెల్లగా వదిలి, కింద చిన్న అక్షరాల్లో ఎందుకు లేడో రాసేవాడు. 'అప్పుడు నేను బస్సు దిగలేదు.' 'అప్పుడు నన్ను బయటికి పంపించినారు.' చూసినవాళ్లు దొరికితే వాళ్లను అడిగి నింపేవాడు, నింపి 'చూసినవారు: పూలమ్మే చిన్నమ్మ' అని వేసేవాడు. దొరక్కపోతే తెల్లగానే బోర్డెక్కేది.

నాకు ఆ ఖాళీ డబ్బాలను చూస్తే బడిలో నా జవాబు పత్రం గుర్తొచ్చేది.

"జర ఏమన్న గీయరాదే. ఊరికే తెల్లగ ఇడ్సిపెడ్తవేంది?"

"నేనాడ లేను."

"నువ్వు లేకుంటే ఏమాయె, లోకమున్నది గదా."

"ఉన్నది. అండ్లకెల్లి ఒక్కణ్ణి పట్కరా, గీస్త."

నెట్టు కనెక్షన్ వచ్చాక నేనే ఆయన్ని బతిమాలి ఒక పేజీ పెట్టాను. ఆయన షీటు తెస్తే స్కాన్ చేసి ఎక్కించేవాణ్ణి. మస్కట్‌లో ఉన్నవాళ్లూ, హైదరాబాద్‌లో కోచింగులకు పోయిన పిల్లలూ చూసి రాసేవాళ్లు. ఆయన నా కుర్చీ వెనకాల నిలబడి, కళ్లద్దాలు నుదుటి మీదికి ఎత్తి తెరను చూసేవాడు.

"లైకంటే ఏంది? చూసినట్టా, నమ్మినట్టా?"

"రెండు గాదన్నా. వేలు ఊకుండక కొట్టినట్టు."

"ఐతే గది లెక్క గాదు" అని చాయ్ దగ్గరికి వెళ్లిపోయేవాడు. నాకు మాత్రం అదే లెక్క. చదువు లేనివాడు పదిమందిలో చదువుకున్నవాడిలా కనబడడానికి ఆ పేజీ కంటే మంచి దారి నాకు దొరకలేదు. కింద రాసేవాళ్లు 'అడ్మిన్ గారూ' అనేవాళ్లు. గారూ అని నన్ను మా ఇంట్లో కుక్క కూడా పిలవలేదు.

రాష్ట్రం కోసం సమ్మె నడిచిన ఏడు. బడులు బంద్, ఆఫీసులు బంద్, బస్సులు బంద్. చౌరస్తాలో వంటా వార్పూ పెట్టారు. రోడ్డు మధ్యన ఇటుక పొయ్యిలు, గంగాళాల్లో అన్నం, పప్పు. ఊరు ఊరంతా తారు రోడ్డు మీద బంతులు కూర్చుంది. వడ్డిస్తున్నవాళ్లలో డిపోలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక కండక్టరు ఉన్నాడు. సన్నటి మనిషి, చెవులు అప్పడాల్లా ముందుకు వంగి ఉంటాయి. ఆ ఏడో, పై ఏడో ఉద్యోగం పర్మినెంటు అవుతుందని ఎదురుచూస్తున్నాడు. "ఇంకొంచం ఏస్త, ఇంకొంచం" అంటూ గంటె తల మీదికెత్తి పప్పు చుక్కలు రాలకుండా నడుస్తున్నాడు. మధ్యాహ్నం పోలీసుల కాపలాతో ఒక బస్సు వచ్చింది. ఎవరో రాయి వేశారు. ముందద్దం పగిలి డ్రైవరు నుదుటికి గాజు గుచ్చుకుంది. దవాఖానకు తీసుకుపోయారు.

మరునాడు ఈయన షీటు తెచ్చాడు. నాలుగు డబ్బాలు. పొయ్యిలు. గంటె ఎత్తిన కండక్టరు. మూడోది ఖాళీ, కింద 'అప్పుడు నేను చాయ్ తాగనీకి పోయిన' అని. నాలుగో దానిలో పగిలిన బస్సు, వంగి గాజు ముక్కలు ఏరుతున్న ఒక కానిస్టేబులు. సమ్మెలో గ్రంథాలయం గేటుకు తాళం పడింది, బోర్డు లోపల ఉండిపోయింది. "తాళం తీసినంక గుచ్చుదాం, నీ తానే ఉండనీ. నెట్టుల వెట్టు" అని షీటు నా దగ్గరే వదిలిపోయాడు.

నేను స్కాన్ చేశాను. తెర మీద ఆ తెల్ల డబ్బా చూశాను. ఊరంతా రగిలిపోతుంటే మా పేజీలో నడిమధ్యన ఒక మనిషి చాయ్ తాగడానికి పోయాడు! నవ్వుతారనిపించింది. బొమ్మలు కత్తిరించే సాఫ్ట్‌వేర్ అప్పుడే నేర్చుకుంటున్నాను. నాలుగు డబ్బాల్లో చెయ్యి పైకెత్తిన మనిషి ఒక్కడే ఉన్నాడు. ఆ మనిషిని రెండో డబ్బాలోంచి కాపీ చేసి మూడో దానిలో పెట్టాను. గంటె చెరిపి, మౌసుతో ఒక రాయి గీశాను. అది ఆలుగడ్డలా వచ్చింది. కింద రాసిన అక్షరాలు చెరిపేశాను. మొఖం మార్చాలని నాకు తట్టలేదు. నిజం చెప్పాలంటే, ఆ చెవులు భలే ఉన్నాయనుకున్నాను.

ఆ బొమ్మ తిరిగినంతగా మెదక్ నుంచి ఏదీ తిరిగి ఉండదు. మూడు రోజులు నేను నేల మీద నడవలేదు. ఆయన దగ్గర నెట్టున్న ఫోను లేదు, చూపించమని అడగలేదు.

నాలుగో రోజు కండక్టర్ని పట్టుకుపోయారు. బస్సు మీద రాయి వేసిన కేసు, డ్రైవరుకు గాయం. డిపోలో పేరు కొట్టేస్తారని అన్నారు. అతను ఆ సమయానికి బంతిలో వడ్డిస్తున్నాడని చెప్పడానికి యాభై మంది ఉండాలి. అతని చేతి పప్పు తిన్నవాళ్లే. స్టేషన్లో వాళ్లకు బొమ్మ చూపించారట. ఒక్కొక్కరూ బొమ్మను చూసి తల గోక్కున్నారట. మా పక్క కిరాణా దుకాణం పెద్దాయన బయటికొచ్చి నాతోనే అన్నాడు:

"నా ఆకుల ఏసినట్టే యాదికుంది. కని నేను దించిన తల ఎత్తకుండ తింటి. పెయింటర్ గీసిండంటే చూసే గీసుంటడు గదా."

ఆయన ఏళ్ల తరబడి సంపాదించుకున్న నమ్మకమంతా ఆ ఆలుగడ్డ మీద వచ్చి కూర్చుంది. నేను గీసిన రాయికి ఊరంతా ఆయన ముద్ర వేసింది.

ఆ సాయంత్రం ఆయన వచ్చాడు. చాయ్ సాసర్లో పోశాను. తాగలేదు. "గా బొమ్మ చూపియ్" అన్నాడు. చూపించాను. కళ్లద్దాలు ఎత్తి చాలాసేపు చూశాడు.

"గీ చెయ్యి నాదే. గంటె పట్టిన చెయ్యి. రాయి నాది గాదు."

నేను ఏదో జోకు వేయబోయాను. దానికి బదులు మౌసుతో ఆ రాయిని తెర అంచు కిందికి జరిపాను.

"కాయిదం ఉన్నదా? నేనిచ్చిన షీటు?"

షీటు నా టేబులు సొరుగులో ఉంది. నా మోకాలికి తగులుతూనే ఉంది. అది తీసి ఇస్తే, ఆయన తీసుకుపోయి చూపిస్తే, మరి మూడో డబ్బా ఎవడు నింపాడని అడుగుతారు. నా కంప్యూటర్లు పట్టుకుపోతారు. నన్ను పట్టుకుపోతారు. నా పెళ్లాం నాలుగో నెల. ఇవన్నీ నేను లెక్క కట్టుకున్నానని ఇప్పుడు రాస్తున్నాను గానీ, అప్పుడు ఏ లెక్కా లేదు. భయం ఒక్కటే ఉంది.

"లేదన్నా. చిత్తు కాయిదాలల్ల పోయింది."

ఆయన సొరుగు వైపు చూడలేదు. నా పాదాల వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. నేను చెప్పుల్లో వేళ్లు ముడుచుకున్నాను.

"కాయిదముంటే కాయిదం మాట్లాడుతుండె. లేదంటివి. ఇగ నేనే మాట్లాడాలె" అని, చల్లారిన చాయ్‌ని ఒక్క గుక్కలో తాగి, సాసరు బోర్లించి వెళ్లిపోయాడు.

స్టేషన్లో ఏం జరిగిందో నేను చూడలేదు. మరునాడు పొద్దున ఒక కానిస్టేబులు వచ్చి చేతిరాత కాయితం ఒకటి ఇచ్చాడు. "రెండు కాపీలు గొట్టన్నా, జల్ది" అన్నాడు. అద్దం మీద పెట్టబోతూ చదివాను. ఆయన వాంగ్మూలం. సదరు బొమ్మలో మూడవ డబ్బా తాను కంటితో చూడక, ఊహించి, కల్పించి గీసినదని, సదరు కండక్టరు రాయి వేయగా తాను చూడలేదని, తాను అక్కడి నుండి పోవునప్పటికి అతను వడ్డించుచుండెనని. కింద సంతకం. ఎన్ని దుకాణాల బోర్డుల మూలల్లో చూశానో ఆ సంతకాన్ని.

"గిన్ని రోజులు నిజమనుకున్నం ఆయన బొమ్మలు," అన్నాడు కానిస్టేబులు. "ఈయనా గట్లనే. అందరి తీర్గనే."

నేను బటన్ నొక్కాను. వెలుగు ఆ కాయితం కింద ఒక కొస నుంచి ఇంకో కొసకు నడిచింది. రెండు కాపీలు. స్పష్టంగా వచ్చాయి. అతను పోయాక సొరుగు తీసి, షీటును చిన్న చిన్న ముక్కలు చేశాను. కంప్యూటర్లో ఉన్న స్కాన్ కూడా తీసేశాను. పేజీలోంచి బొమ్మ తీసేశాను. కానీ అది అప్పటికే ఎవరెవరి ఫోన్లలోకో ఎక్కి కూర్చుంది.

కండక్టరు ఆ సాయంత్రమే బయటికొచ్చాడు. సమ్మె విరిగాక డ్యూటీ ఎక్కాడు, తర్వాత పర్మినెంటు కూడా అయ్యాడు. పెయింటరన్న ఎదురుపడితే మాత్రం రోడ్డు దాటి అవతలి పక్కకు పోయేవాడు. ఒకసారి బస్సు ఫుట్‌బోర్డు మీంచి అందరూ వినేట్టు, "జర పక్కకుండుండ్రి, బొమ్మలాయన ఎక్కుతుండు, లేనియి గిట్ల గీస్తడు" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ అందులోనే ఉన్నాను, తూప్రాన్ పోతున్నాను. ఆయన టికెట్ తీసుకుని, చిల్లర జేబులో వేసుకుని, కిటికీ పక్కన కూర్చున్నాడు.

గ్రంథాలయం తెరిచాక ఆ బోర్డు మీద వేరే ప్రకటనలు అంటించారు. ఆయన బండ్ల నంబరు ప్లేట్లు రాసుకున్నాడు, ఆటోల వెనక పువ్వులు వేసుకున్నాడు. డబ్బాలు మాత్రం కొట్టలేదు.

ఒక అంగడి రోజున టేక్మాల్ ముసలామె మళ్లీ వచ్చింది. ఆయన నా దుకాణం మెట్ల మీద కూర్చుని నంబరు ప్లేటుకు నలుపు వేస్తున్నాడు. వాళ్ల ఊళ్లో పంపు మళ్లీ చెడిందట. ఆఫీసుకు పోయి చెప్పుకుంటే, "గా పెయింటర్ బొమ్మ చూసి కిందటిపారి ఆగమైనం, ఇగ పో" అన్నారట.

"నా బిందె గుడ అబద్ధమేనా కొడుకా?"

"నీ బిందె నిజమే పెద్దవ్వా."

"ఐతే జూట గీసిననని ఎందుకు రాసిచ్చినవ్? గిప్పుడు మా ఊరోళ్ల మాట ఎవలు ఇంటరు?"

ఆ ప్రశ్నకు జవాబు మెట్ల పైన, కుర్చీలో, తెర వెనకాల దాక్కుని ఉంది. ఆమె ఆయన చేతిలో ప్లేటు మీద ఆరని అంకెలు చూసి, వెళ్లిపోయింది. ఆయన కుంచె గిన్నెలో పెట్టాడు. అప్పుడైనా నావైపు తిరుగుతాడేమో, ఒక్క తిట్టు తిడతాడేమో అని చూశాను. "చాయ్ చెప్పు హెడ్మాష్టరూ" అన్నాడు.

అన్నేళ్లూ రోజూ వచ్చాడు. అదే నాకు పడిన శిక్షో, ఆయన చేసిన మాఫీయో తేల్చుకోలేకపోయాను. ఒక్కసారి అడిగితే తేలిపోయేది. చివరి ఏడు దగ్గు పట్టుకుంది. ముప్పై ఏళ్ల టర్పెంటైన్ ఊపిరితిత్తుల్లో కూర్చుందన్నారు. దవాఖానలో చూడ్డానికి పోయాను. మాట రావడం లేదు. నా చేతిలో కొబ్బరి బోండం చూసి, రెండు వేళ్లతో అడిగాడు, ఎక్కడ కొన్నావని. చెప్పాను. ఎంతకని అడిగాడు. చెప్పాను. మోసపోయావన్నట్టు చెయ్యి తిప్పాడు. అంతే. మట్టి వేసిన రోజున నేను వెనక వరసలో నిలబడ్డాను.

ఇన్నాళ్లకు ఆ బొమ్మ ఫ్లెక్సీ కోసం నా దగ్గరికే వచ్చింది. ఆ రోజు దుకాణం షట్టరు దించి, ఆయన ఇంటికి పోయాను.

ఆయన భార్య, మా వదినె, వసారాలో కుట్టుమిషను మీద ఉంది. ఊళ్లో సగం మంది రవికలు ఆమె కుట్టినవే. కూర్చోమనలేదు, నేనే కూర్చున్నాను. అంతా చెప్పాను. గంటె చెరిపింది, రాయి గీసింది, సొరుగు, జిరాక్సు, చింపిన ముక్కలు. ఆమె మిషను ఆపలేదు.

"నాకు గా రోజే ఎర్క," అంది. "ఖాళీ డబ్బా కింద చాయ్ సంగతి రాస్తుంటే నేను పక్కనే అన్నం వెడుతున్న. ఠాణాకు నేను పోత, నేను చెప్త అంటే ఆయనే తలుపుకడ్డం నిలవడ్డడు."

 దారి పొడవునా అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను.

"వదినా, చౌరస్తల పెద్ద ఫ్లెక్సీ కట్టిస్త. ఆయన ఫొటో వెడ్త, పేరు వెడ్త. తప్పు జేసింది నేను, ఆయన కాదని అందరికి తెల్వాలె."

ఆమె అప్పుడు మిషను ఆపింది. దారం పళ్లతో కొరికి, రవికను దులిపి మడత పెట్టింది.

"చెప్పుకుంటే నీ పేరు వెట్టి నువ్వు చెప్పుకో. ఆయన పేరు తియ్యకు. నీ చెడ్డపేరు మోస్కుంటనే సచ్చిండు. ఇగ నీ మంచిపేరు గుడ ఆయన్నే మొయ్యమంటవా?"